జిగురా, వగరా, రంగా? చేతి మరకని బట్టి మందు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకి సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే మా వైపు పడవలన్నీ ఒడ్డెక్కి రిపేర్లకి వస్తాయి. ఫైబర్ పడవల సంగతి వేరు. చెక్క పడవ అయితే పలకల సందులు బిగించి అడుగున తారు పుయ్యాల్సిందే. మా బావగారిది చిన్న చెక్క పడవ. మూడేళ్ల కిందట సాయం పడదామని నేనూ బ్రష్ పట్టుకున్నాను. సాయంత్రానికి మోచేతుల దాకా నలుపు. సబ్బు పెట్టి రుద్దితే తారు పోలేదు సరికదా, సబ్బే నల్లబడింది. విసుగొచ్చి బండిలోంచి కాస్త పెట్రోలు తీసి, గుడ్డ తడిపి తుడిచేశాను. రెండు నిమిషాల్లో చేతులు తెల్లగా వచ్చేశాయి. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

మర్నాడు మా ఇంట్లో ఆవకాయ. ముక్కలకి కారం, ఆవపిండి పట్టించే పని ఏటా నాదే. బేసిన్లో చెయ్యి పెట్టి అర నిమిషం కాలేదు, వేళ్ల సందుల్లోంచి మంట లేచింది. ఏటా ఉండే కారం మంట కాదది, తోలు ఒలిచిన చేతిని కారంలో ముంచినట్టుంది. కడుక్కుని చూసుకుంటే అరచేతి గీతల వెంట సన్నటి పగుళ్లు, నీళ్లు ఆపేసిన చేను నెర్రెలిచ్చినట్టు. సంగతి తెలిశాక మా ఆవిడ నా మంట గురించి ఒక్క ముక్క అడగలేదు. "పెట్రోలు పోసి కడిగిన చేతులా! ఈ జాడీ ఇప్పుడెవరు తినాలండీ?" అంది. చివరికి మేమే తిన్నాం. వాసనేమీ రాలేదు.

పెట్రోలు తారుని కరిగించిన మాట నిజమే. కానీ తారు ఎలా నూనె జాతిదో, మన చర్మానికి మెత్తదనం ఇచ్చేదీ అలాగే నూనె జాతిదే. పెట్రోలు రెండింటినీ కలిపి ఊడ్చుకుపోయింది. అప్పటినుంచి చేతికి ఏ మరక అంటినా, ఎంత నల్లగా ఉందో చూడ్డం మానేసి, ఇది ఏ జాతిదని అడుగుతున్నాను. దానికి మన భాషలోనే మంచి మాటలున్నాయి. జిగురు మరకలు కొన్ని: తారు, గ్రీజు, ఆయిలు పెయింటు, పనస పాలు. వగరు మరకలు కొన్ని: అరటి, కొబ్బరి డొక్క, పోకచెక్క. ఇక రంగులు: పసుపు, గోరింటాకు, ఓటేసినప్పుడు పెట్టే సిరా. జిగురుకి నూనె, వగరుకి పులుపు, రంగుకి చాలావరకు ఓపిక. ఈ రొయ్యల చెరువులొచ్చాక మందుల మరకలని నాలుగో జాతి కూడా పుట్టింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తారు పోగొట్టడానికి ఏది మేలు

మా ఊళ్లో చేతికి తారంటితే వినిపించే సలహాలు ఇవి: కిరసనాయిలు, డీజిలు, పెట్రోలు, పెయింటు థిన్నరు, కొబ్బరి నూనె, బట్టల సర్ఫు, ఇసుక. ఈమధ్య మెకానిక్ షాపుల్లో దొరికే చేతులు కడిగే పేస్టు కూడా చేరింది. వీటిలో చాలావాటిని నా చేతుల మీదే చూశాను.

అన్నింటికన్నా నేను ముందు పెట్టేది వంట నూనె. కొబ్బరి నూనే కానక్కర్లేదు. కొబ్బరి నూనె ధర ఇప్పుడు ఎలా ఉందో మనకి తెలిసిందే, పైగా చలికాలం పొద్దున్న 24 డిగ్రీల కన్నా దిగితే గడ్డకట్టి కూర్చుంటుంది. వేరుశెనగ నూనె, పామాయిలు, ఏదైనా తారుని మెత్తబరుస్తుంది. మా ఇంట్లో గారెలు వేయగా మిగిలిన నూనెని వడగట్టి ఒక సీసాలో పోసి పెరట్లో ఉంచుతాం. దాన్ని తిరిగి వంటకి వాడకూడదు, పారబొయ్యడానికి మనసొప్పదు. తారుకి అంతకన్నా చవకైన మందు లేదు.

నూనెతో పోలేదని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అడిగి చూస్తే వాళ్లంతా చెయ్యి ముందు నీళ్లతో కడిగినవాళ్లే. నీళ్లు తగిలితే తారు ఇంకా బిగుసుకుంటుంది, తడి చేతి మీద నూనె పట్టదు. పొడి చేతి మీదే రెండు చెంచాలు పోసుకోవాలి. పోసి రుద్దితే మొదటి నిమిషం ఏమీ జరగదు. అక్కడే ఓపిక చచ్చి జనం కిరసనాయిలు డబ్బా వెతుక్కుంటారు. ఇంకాస్త ఆగితే మరక అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆ తర్వాత వేళ్ల మధ్య నూనె కాఫీ డికాషన్‌లా నల్లబడుతుంది. తారు కదిలిందని గుర్తు అదే. అప్పుడు దాన్ని పాత లుంగీ గుడ్డతోనో న్యూస్‌పేపరుతోనో తుడిచెయ్యాలి. తుడవకుండా అలాగే రుద్దుతూ పోతే ఒక వేలి తారు పది వేళ్లకీ పాకుతుంది. మళ్లీ ఒక చెంచా నూనె, మళ్లీ గుడ్డ. రెండోసారికే అరచేయి కనబడుతుంది.

మూడో విడతలో నూనెలో గుప్పెడు తవుడు వేసుకుంటాను. రైసు మిల్లులున్న ప్రాంతం కనక తవుడుకి మనకి లోటు లేదు, గేదె ఉన్న ఇంట్లో బస్తా ఉండనే ఉంటుంది. తవుడు గీతల్లోకి దూరి నల్లనూనెని పీల్చుకుంటుంది, ఇసుకలా గీరుకుపోదు. తవుడు లేకపోతే శనగపిండి గానీ పంచదార గానీ పనికొస్తాయి. పంచదార గరుకు ఎక్కువ, నీళ్లు తగిలితే కరిగిపోతుంది కనక తూములో అడ్డంపడే గొడవ లేదు. ఆఖర్న గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, ఇంకా నీళ్లు తగలకుండానే, నూనె చేతుల మీద వేసి బాగా రుద్దాలి. చేతులు తెల్లగా పాలపాలగా అవుతాయి. అప్పుడు నీళ్లు. మొత్తం పది నిమిషాల పని. పెట్రోలుతో రెండు నిమిషాలే పట్టింది, ఒప్పుకుంటాను. కానీ పగుళ్లు మానడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మా బావగారిది వేరే పార్టీ. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కిరసనాయిలే. "నూనె రాసుకుని కూర్చోడానికి ఇదేమన్నా తలంటా బావా? కిరసనాయిలుతో ఇలా తుడిస్తే అలా పోతుంది" అంటారు. నిజమే, అలా పోతుంది. ఎప్పుడో ఒకసారి, పుళ్లూ గీరుడులూ లేని చేతికి, గుడ్డకి అద్ది తుడిచి వెంటనే సబ్బుతో కడిగి నూనె రాసుకుంటే కిరసనాయిలు వల్ల కొంప మునగదు. చిక్కంతా రోజూ వాడేవాళ్లతోనే. చర్మం ఎండి తెల్లటి పొట్టు లేస్తుంది, దురద పుడుతుంది, ఆనక ఏది తగిలినా మండుతుంది. కిరసనాయిలు గుడ్డని చేతికి చుట్టుకుని నానబెడితే బొబ్బలే వస్తాయి. ఉంగరం కింద తడి ఉండిపోయినా అంతే. ఇప్పుడు రేషన్లో కిరసనాయిలు రాక డీజిలు వాడుతున్నారు. దానికి కడిగినా వదలని జిడ్డు, రెండు పూటల పాటు అన్నంలో కూడా తెలిసే వాసన. ఈ రెండింట్లో ఏదో ఒకటి తప్పదంటే కిరసనాయిలుకే ఓటేస్తాను. కానీ కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పొయ్యకండి. పిల్లలు నీళ్లనుకుని తాగితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కక్కిస్తే ఇంకా ప్రమాదం. తాగారని తెలిస్తే కక్కించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

పెట్రోలుకి, థిన్నరుకి నా లిస్టులో చోటే లేదు. పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సరు తెచ్చే సరుకు. చర్మం గుండా కూడా కాస్తో కూస్తో లోపలికి వెళ్తుంది, పీల్చే గాలితో ఇంకా ఎక్కువ వెళ్తుంది. అంతకన్నా దగ్గరి భయం నిప్పు. ఆ రోజు నేను చేతులు తుడుచుకుంటున్న చోటికి పది అడుగుల దూరంలో ఒకాయన బీడీ కాలుస్తున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే చెమట పడుతుంది.

మెకానిక్కులు వాడే పేస్టు మంచిదే. అందులో సబ్బు, కొంచెం గరుకు, కొన్నింట్లో నారింజ తొక్క నూనె ఉంటాయి. పొడి చేతికి రాసి రుద్ది కడిగేస్తే గ్రీజు చక్కగా వదులుతుంది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఎరేటర్ మోటార్ల పని చేసేవాళ్లు, ట్రాక్టరు షెడ్డులో ఉండేవాళ్లు రోజూ చేతులు కడుక్కోవాలి కనక వాళ్లకి ఇదే సరైన ఖర్చు. గట్టి తారుకి మాత్రం ఇది ఒక్కటే చాలదు, ముందు నూనె పడాల్సిందే. నారింజ నూనె కొందరికి పడదు. కొత్త డబ్బా కొంటే ముంజేతి మీద కాస్త రాసి ఒక రోజు చూసి వాడండి. అదే షెడ్డుల్లో సర్ఫూ రంపపు పొట్టూ కలిపి రుద్దడం కూడా చూస్తాం. పోతుంది గానీ సర్ఫు బట్టల కోసం చేసింది, దాని క్షారం చేతిని గట్టిగానే తింటుంది.

శానిటైజరు తారు మీద దండగ. బాల్ పెన్ను గీతలకి, మార్కరు మరకలకి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే అది గుర్తుపెట్టుకోండి. నెయ్యి, వెన్న, వేజలైన్ మూడూ నూనెలాగే పనిచేస్తాయి. వేజలైన్ కారిపోదు కనక పిల్లల అరికాళ్లకి అంటిన రోడ్డు తారుకి అది వీలు. పట్టించి పది నిమిషాలు ఉంచి గుడ్డతో తుడవండి. జుట్టుకి అంటినా అంతే, కత్తెర తియ్యకండి.

నీళ్ల సంగతి

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్లలో ఒంటి సబ్బు నురగ రాదు, తెల్లటి తరకలు కడుతుంది. అలాంటి చోట నూనె పూసి, ఆనక ఒంటి సబ్బుతో కడిగితే జిడ్డు చేతిమీదే ఉండిపోయి, నూనె మందు పనిచెయ్యలేదని పేరొస్తుంది. అక్కడ గిన్నెల లిక్విడ్ వాడాలి, దానికి గట్టి నీళ్లతో పేచీ లేదు. లేదా కుంకుడు రసం. కుంకుడు నురగ కూడా ఉప్పునీళ్లలో విరగదు, చేతికి సర్ఫంత కటువుగానూ ఉండదు. ఆ చేత్తో కంట్లో నలుసు తీసుకోకుండా ఉంటే చాలు. కాలవ నీళ్లు అందే ఊళ్లకి ఈ బాధ లేదు, కాకపోతే వేసవిలో కాలవలు కట్టేసే రోజులూ పడవలకి తారు పూసే రోజులూ ఒకటే.

వేడి తారు పడితే

ఇదొక్కటి మాత్రం పైవాటన్నిటికీ బయటిది. రోడ్డు పనిలోనో, స్లాబు కారుతోందని పైన తారు కాచి పోసేటప్పుడో వేడి తారు చేతిమీద పడితే, అది మరక కాదు, కాలిన గాయం. తారుని పీకకూడదు, పీకితే చర్మం కూడా వస్తుంది. నూనె, కిరసనాయిలు, పేస్టు, ఏదీ రాయకూడదు. వెంటనే మామూలు చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచాలి, ఐసు వద్దు. ఉంగరం, గడియారం ఉంటే వాపు రాకముందే తియ్యాలి. ఆ తారుని అలాగే ఉంచి ఆసుపత్రికి వెళ్తే అక్కడ వాళ్లు మెత్తటి ఆయింట్‌మెంట్లతో నెమ్మదిగా తీస్తారు. షుగరు ఉన్నవాళ్లు "పెద్దగా నొప్పి లేదు" అని ఇంట్లో ఉండిపోకూడదు, నొప్పి తెలియకపోవడమే వాళ్లకి చేటు.

పనస, మామిడి, జీడి

పనసపొట్టు కూర లేకుండా మా వైపు పెళ్లి భోజనం ఊహించలేం. ఆ పొట్టు కొట్టే మనిషిని సంతలో నిలబడి చూడండి. కత్తికి నూనె, ఎడమ చేతికి నూనె. పనస పాలు తారుకి చుట్టమే, నీళ్లు తగిలితే రబ్బరులా బిగుస్తాయి. ముందే నూనె రాసుకున్న చేతికి అసలు అంటవు. అంటాక అయితే నూనె పెట్టి ఉండలు చుట్టి తీసెయ్యాలి, తర్వాత సబ్బు. పనసకి నూనె రాసుకోవడం మా అమ్మమ్మలకే తెలుసు. అదే చేతికి తారు అంటితే వాళ్లే కిరసనాయిలు తెమ్మనేవాళ్లు, ఎందుకో మరి.

మామిడి సొన జిగురే గానీ దానికి కాటు ఉంది. మరక కన్నా ముందు చర్మం కాలుతుంది, రెండు రోజులకి నల్లమచ్చ తేలుతుంది. ఇక్కడ నూనె అని తాత్సారం చెయ్యకుండా, పడిన వెంటనే సబ్బూ నీళ్లతో కడిగెయ్యాలి. నూనె కోతకి ముందు రాసుకోవాలి. మచ్చ పడ్డాక రుద్ది లాభం లేదు, అది మరక కాదు కనక దాని టైము అది తీసుకుంటుంది.

జీడిపిక్కది ఇంకో మెట్టు పైన. మోరి జీడిపప్పు పేరు వినే ఉంటారు. పిక్క పెంకులో ఉండే నూనె చేతిని పొక్కిస్తుంది, నల్లగా చేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఆముదమో కొబ్బరి నూనో రాసుకుని, పైన బూడిద అద్దుకుని కూర్చుంటారు. అంటిన తర్వాత ఏది బాగా తీస్తుందని పోల్చి చూసే పని ఇక్కడ లేదు, అంటకుండా చూసుకోవడమే. గ్లౌజులు దొరికితే గ్లౌజులు, వాటి లోపల కూడా నూనె.

వగరుకి పులుపు

రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దించేవాళ్ల చేతులు, అంబాజీపేట వైపు కొబ్బరికాయలు ఒలిచేవాళ్ల చేతులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే రంగులో ఉంటాయి. రెండింట్లో ఉన్నది వగరు. కోసినప్పుడు కారే రసం మొదట నీళ్లలాగే ఉంటుంది, గాలి తగిలాక గోధుమ రంగు, ఆపైన నలుపు. ఇనప కత్తి తోడైతే మరీ నలుపు. కరక్కాయ వగరూ ఇనుమూ కలిపే పూర్వం సిరా చేసేవాళ్లు. కత్తిపీట ముందు కూర్చుని బొంత అరటికాయ తరిగినప్పుడల్లా మనం చేతుల మీద కాస్త సిరా కాచుకుంటున్నట్టే.

ఈ మరక మీద నూనె పెట్టి గంట రుద్దినా లాభం లేదు. నిమ్మచెక్క కావాలి. పిండేసిన డొప్ప చాలు, దాని మీద చిటికెడు ఉప్పు వేసి వేళ్లకి రుద్దితే నలుపు కళ్లముందే పలచబడుతుంది. చింతపండు పిప్పి కూడా దాదాపు అంతే. రెండింటినీ పక్కపక్క వేళ్ల మీద ఒకసారి పెట్టి చూశాను. నిమ్మ త్వరగా లాగింది, చింతపండు నిదానంగా లాగింది గానీ గోటి చుట్టూ చీలికలున్న చోట మండలేదు. గీరుకున్న చేతులకి చింతపండు, మంచి చేతులకి నిమ్మ అని నా లెక్క. నిమ్మ రాసుకున్న చేత్తో ఎండలోకి వెళ్లకండి, కడుక్కుని వెళ్లండి. నిమ్మరసం మీద గట్టి ఎండ పడితే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి.

పుల్ల మజ్జిగ ఈ రెండింటి కన్నా బలహీనమే, కానీ ముందుజాగ్రత్తకి దాన్ని మించింది లేదు. అరటిపువ్వు వలిచేటప్పుడు పక్కన మజ్జిగ గిన్నె పెట్టుకుని, తరిగినవి అందులో వేస్తూ వేళ్లు ముంచుతూ ఉంటే కూరా నల్లబడదు, చెయ్యీ నల్లబడదు. అరటి దూటకీ ఇదే. చేతులకి నూనె ముందే రాసుకుంటే వగరు కూడా లోపలికి ఇంకదు. తారు విషయంలో మందైన నూనె ఇక్కడ గొడుగు మాత్రమే. ఇక బట్టల మీద పడ్డ అరటి మరక సంగతి అడగొద్దు, ఆ చొక్కాని తోటకి కేటాయించెయ్యండి.

తుప్పు మరక వగరు కాకపోయినా మందు అదే, నిమ్మా ఉప్పూ. నేరేడు పండు రంగు సబ్బు తగిలితే నీలంగా, నిమ్మ తగిలితే ఎర్రగా మారుతుంది. ముందు నిమ్మ పెట్టి తర్వాత సబ్బు పెట్టండి.

చెరువు మందుల మరకలు

భీమవరం చుట్టుపక్కల, ఇటు మా వైపు కూడా వరి చేలు రొయ్యల చెరువులయ్యాక చేతులకి కొత్త మరకలొచ్చాయి. పొటాషియం పర్మాంగనేట్ చేతికి తగిలితే ముందు ఊదా రంగు, కాసేపటికి తుప్పులాంటి గోధుమ రంగు. సబ్బుకి కదలదు, నూనెకి కదలదు. దీనికి మందు చెరువు షెడ్డులోనే ఉంటుంది: మేతలో కలిపే విటమిన్ సి పొడి. చిటికెడు తీసుకుని కొన్ని నీళ్లతో వేళ్ల మధ్య రుద్దితే గోధుమ రంగు తెరతీసినట్టు పోతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇదేదో గారడీ అనుకుంటారు. పొడి లేకపోతే మందుల షాపులో పుల్లగా చప్పరించే విటమిన్ సి బిళ్ల ఒకటి నలిపి వాడొచ్చు, నిమ్మరసం కూడా నెమ్మదిగా చేస్తుంది. అయోడిన్ మరకకీ విటమిన్ సి వెంటనే పనిచేస్తుంది.

షెడ్డులో ఉండే ఇంకో డబ్బా బ్లీచింగు. ఏ మరకైనా తెల్లబడుతుందని దాంతో చేతులు కడిగేవాళ్లున్నారు. వద్దు, చర్మాన్ని తినేస్తుంది. అందులోనూ బ్లీచింగు పెట్టి, పోలేదని దాని మీదే నిమ్మకాయో, బాత్రూము కడిగే యాసిడో వేస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది. మూసిన షెడ్డులో అయితే ఊపిరాడదు. పులుపు వాడే చోట బ్లీచింగు ఉండకూడదు, అంతే.

గోళ్లు, ఆ తర్వాత

అరచేయి ఎంత తెల్లబడినా గోళ్ల కింద నలుపు మిగిలిపోతుంది, అన్నం కలిపేటప్పుడు అదే కనబడుతుంది. దీనికి పని అయ్యాక పడే పాట్లన్నీ దండగ. పనికి ముందే తడి లేని సబ్బుబిళ్లని పది గోళ్లతోనూ గట్టిగా గీకండి. గోళ్ల కింద సబ్బు నిండిపోతుంది, తారుకి చోటుండదు. సాయంత్రం కడిగితే సబ్బుతో సహా బయటికొస్తుంది. నాకీ చిట్కా పెయింటింగు పనికొచ్చిన కుర్రాడు చెప్పాడు. ముందు గీకడం మర్చిపోతే పాత టూత్‌బ్రష్షూ నూనే. పిన్నీసుతో మాత్రం తవ్వకండి, గోరు చుట్టు లేస్తుంది.

ఏ మందు వాడినా చివర్న పొడిగా తుడుచుకుని రెండు చుక్కలు కొబ్బరి నూనె రాసుకోవడం మానొద్దు. వారం దాటినా పగుళ్లు మానకపోయినా, దురదతో నీరు కారుతున్నా అది మరక సంగతి కాదు, చర్మం డాక్టరుకి చూపించాలి.

రంగులు

పసుపు చేతికి సబ్బు పెడితే ఎర్రబడి భయపెడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకే, సబ్బులోనూ క్షారం ఉంటుంది. పసుపు నూనెలో కరుగుతుంది కనక ముందు నూనె, తర్వాత గిన్నెల లిక్విడ్. మిగిలినదాన్ని ఒక పూట ఎండ తీసేస్తుంది. గోరింటాకు చర్మం పొరకే అతుక్కుంటుంది, పైపొర రాలినప్పుడే పోతుంది. ఆషాఢంలో పెట్టుకున్నది త్వరగా పోవాలని కోరుకునేవాళ్లు ఎలాగూ ఉండరు.

ఎన్నికల వేళ మాత్రం ఎవరో ఒకరు నిమ్మకాయ పట్టుకుని వస్తారు, వేలి మీద ఓటు సిరా పోతుందా అని. 1962 ఎన్నికల నుంచి మైసూరు కంపెనీలో తయారవుతున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. అది చర్మంలోకి ఇంకి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. దాని మీద నూనె, పులుపు, కిరసనాయిలు, మా బావగారి అనుభవం, ఏదీ పనిచెయ్యదు. చర్మం మీదది రెండు మూడు వారాల్లో రాలిపోతుంది. గోరు మొదట్లో పడ్డది ఆ గోరు పెరిగి కత్తిరించుకునేదాకా ఉంటుంది. గోరు పెరిగేది నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లే.